జీమెయిల్‌కి సగం పోతాయి, చెన్నై ఏజెంట్‌కి ఒక్కటీ పోదు: పోస్ట్‌ఫిక్స్ అవుట్‌గోయింగ్ సమస్య

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఐటీ చూస్తా. సీజన్ నడుస్తా ఉంది. గేటు బయట కాయల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి, లోపల నా మెయిల్ క్యూ కూడా దానికి తగ్గట్టే ఉంది.

సెటప్ చెప్తా. ఉబుంటు మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే ప్రోగ్రామ్), డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ను మెయిల్‌బాక్స్‌లో చూపించేది). సర్వర్ మా ఆఫీసులోనే ఫైర్‌వాల్ వెనక ఉంది. లీజ్డ్ లైన్ స్టాటిక్ ఐపీ 203.0.113.10 (ఐపీలన్నీ మార్చి రాస్తున్నా). పీటీఆర్ (ఐపీకి పేరు చెప్పే డీఎన్ఎస్ రికార్డు) ఉంది, ఎస్‌పీఎఫ్‌లో (మా తరఫున మెయిల్ పంపొచ్చనే ఐపీల రికార్డులో) ఈ ఐపీ ఉంది. డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) లేదు. రిలేహోస్ట్ (మధ్యలో మెయిల్ మోసే వేరే సర్వర్) ఖాళీ, అంటే నేరుగా అవతలివాళ్ల ఎమ్‌ఎక్స్‌కే (మెయిల్ అందుకునే సర్వర్‌కే) పోవాలి.

లోపలికి వచ్చే మెయిల్‌తో ఏ ఇబ్బందీ లేదు. బయటికి పోయేదాంతోనే గొడవ. జీమెయిల్‌కి కొన్ని పోతాయి, కొన్ని పంపిన నిమిషంలోనే బౌన్స్ అవుతాయి (తిరిగొచ్చేస్తాయి). చెన్నైలో మా షిప్పింగ్ ఏజెంట్‌కి ఒక్కటీ పోదు, అట్లని బౌన్సూ రాదు. దుబాయ్, నెదర్లాండ్స్ బయ్యర్లకి చాలావరకు చేరుతున్నాయి.

ఎక్స్‌పోర్ట్ సెక్షన్ వాళ్లు ఎస్‌ఐ (షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్స్, అంటే ఓడకి ఎక్కే సరుకు వివరాలు) పంపేసినామని నిమ్మళంగా కూర్చున్నారు. ఏజెంట్ ఏమో రాలేదంటాడు. కటాఫ్ (ఆ వివరాలు ఇవ్వాల్సిన ఆఖరి గడువు) దాటితే కంటైనర్ ఆ ఓడ ఎక్కదు. జీఎం సార్ గంటకోసారి నా టేబుల్ కాడికి వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడి పోతున్నారు, తిట్టినా బాగుండు.

పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చేసినా, సర్వర్ రీబూట్ చేసినా ఏం మారలేదు. యాడ నుంచి మొదలుపెట్టాలి?

పలమనేరు_పిల్లోడు · పలమనేరు
సోమవారం ఉదయం 10:25

అన్నా, సెంట్ ఫోల్డర్‌లో ఉంటే పోయినట్టే కదా? ఏజెంట్ అబద్ధం చెప్తున్నాడేమో.

అలిపిరి_మెట్లు · తిరుపతి
సోమవారం ఉదయం 10:51

పాపం ఏజెంట్‌ను అనొద్దు తమ్ముడూ. అవుట్‌లుక్ అయినా థండర్‌బర్డ్ అయినా మెయిల్‌ను మన సర్వర్‌కి అప్పజెప్పి, ఒక కాపీ సెంట్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అక్కడితో దాని పని అయిపోయింది. మన సర్వర్ నుంచి చెన్నై సర్వర్‌కి పోయిందా, దారిలో కూర్చుందా అనేది ఆ ఫోల్డర్‌కి తెలీదు. చాలా ఆఫీసుల్లో సగం పంచాయితీలు ఈ ఫోల్డర్ వల్లే.

తోతాపురీ, నువ్వు చెప్పేది ఒక జబ్బు కాదు, రెండు. వెంటనే బౌన్స్ వచ్చేదాంట్లో కోడ్ 5తో మొదలవుతుంది: అవతలి సర్వర్ తలుపు తీసి, చూసి, వద్దనింది. బౌన్స్ రాకుండా నానేదాంట్లో 4తో మొదలవుతుంది: ఇంకా తేలలేదు, మళ్లీ ప్రయత్నిస్తా అని మన సర్వరే దగ్గర పెట్టుకుంది. రెండింటికీ ఒకే మందు వెతికితే దొరకదు.

జీమెయిల్ బౌన్స్ ఒకటి, చెన్నై మెయిల్ ఒకటి తీసుకో. క్యూ ఐడీ (ఆ మెయిల్‌కి మన సర్వర్ ఇచ్చిన గుర్తు) పట్టుకుని మెయిల్ లాగ్‌లో గ్రెప్ చెయ్యి, అంటే వెతుకు. వచ్చిన లైను మొత్తం పెట్టు. మొత్తం అంటే మొత్తం, "550 వస్తా ఉంది" అని క్లుప్తంగా కాదు. రీబూట్లు ఇంక చాలు.

శ్రీసిటీ_సిసాడ్ · సత్యవేడు
సోమవారం ఉదయం 11:08

ఈ రోజుల్లో కూడా ఆఫీసులో మెయిల్ సర్వర్ పెట్టుకుని ఎందుకండీ ఈ తంటా? క్లౌడ్‌కి మారిపోండి, ఒక్క వారం పని.

ఇంకోటి, మీరు పర్సనల్ మెసేజ్‌లో ఇచ్చిన అసలు ఐపీని స్పామ్‌హౌస్ జెన్ అనే బ్లాక్‌లిస్ట్‌లో చూశాను. 127.255.255.254 అని జవాబు వచ్చింది. అంటే లిస్టయింది! లిస్టులోంచి తీసేయమని డీలిస్ట్ రిక్వెస్ట్ పెట్టండి ముందు.

లక్ష్మి_డీఎన్ఎస్ · తిరుపతి
సోమవారం ఉదయం 11:20

ఆగండి ఆగండి. డీలిస్ట్ రిక్వెస్ట్ ఏమీ వద్దు.

127.255.255.254 అంటే ఐపీ లిస్టయిందని కాదు. "మీరు పబ్లిక్ రిజాల్వర్ (పేరు అడిగితే ఐపీ చెప్పే, అందరూ వాడే డీఎన్ఎస్ సర్వర్) ద్వారా అడుగుతున్నారు, అట్లా అడిగితే చెప్పను" అని స్పామ్‌హౌస్ ఇచ్చే ఎర్రర్ కోడ్ అది. గూగుల్ వాళ్ల 8.8.8.8 పెట్టుకుని అడిగితే ఏ ఐపీకైనా ఇదే వస్తుంది. నిజంగా లిస్టయితే జవాబు 127.0.0 తో మొదలవుతుంది, 2, 4, 10, 11 అట్లా. సొంత రిజాల్వర్ నుంచి అడగండి, లేదంటే వాళ్ల సైట్‌లోనే చూడండి. ఈ ఒక్క కోడ్‌ను తప్పుగా చదివి, వచ్చే మెయిల్ మొత్తాన్ని తిప్పికొట్టిన సర్వర్లు కూడా ఉన్నాయి.

తోతాపురి తమ్ముడూ, లాగ్ పెట్టు.

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
సోమవారం ఉదయం 11:47

ఇదిగోండి. ఇంగ్లీషు వాక్యాల సారం తెలుగులో పెడుతున్నా, అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

జీమెయిల్‌ది:
డీఎస్ఎన్ (డెలివరీ ఫలితం కోడ్)=5.7.25, స్టేటస్=బౌన్స్‌డ్. హోస్ట్ జీమెయిల్-ఎస్ఎమ్‌టీపీ-ఇన్ చెప్పింది: 550-5.7.25 [198.51.100.77] ఈ మెయిల్ పంపుతున్న ఐపీకి పీటీఆర్ రికార్డు లేదు, లేదా ఫార్వర్డ్ డీఎన్ఎస్ దానితో సరిపోలడం లేదు.

చెన్నైది:
రిలే=నన్, డీఎస్ఎన్=4.4.1, స్టేటస్=డిఫర్డ్ (వాయిదా). కనెక్ట్ టు 192.0.2.25[192.0.2.25]:25, కనెక్షన్ టైమ్‌డ్ అవుట్.

నాకు మండేది ఏందంటే, మాకు పీటీఆర్ ఉంది! డిగ్ -ఎక్స్ (ఐపీకి పేరు అడిగే కమాండ్) కొడితే మెయిల్ సర్వర్ పేరు వస్తా ఉంది. ఆ పేరు కొడితే తిరిగి అదే ఐపీ వస్తా ఉంది. జీమెయిల్ వాడు లేదంటే ఎట్లా?

రేణిగుంట_రూటర్ · రేణిగుంట
సోమవారం మధ్యాహ్నం 12:03

బ్రాకెట్‌లో ఉన్న ఐపీ చదివినావా?

నీది 203.0.113.10 అన్నావు. జీమెయిల్ చూసింది 198.51.100.77. వాడు చెప్పేది కరెక్టే, ఆ ఐపీకి పీటీఆర్ లేదు. ఆ ఐపీ ఎవరిది?

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
సోమవారం మధ్యాహ్నం 12:19

దేవుడా. అది మా బ్రాడ్‌బ్యాండ్ ఐపీ. సీసీటీవీకి, గెస్ట్ వైఫైకి వేరే కంపెనీ లైన్ ఒకటి ఉంది. మెయిల్ సర్వర్‌కి దాంతో సంబంధమే లేదు కదా. సర్వర్‌లో కర్ల్‌తో "నా ఐపీ ఎంత" అని అడిగి చూసినా, 203.0.113.10 అనే చెప్తా ఉంది.

రేణిగుంట_రూటర్ · రేణిగుంట
సోమవారం మధ్యాహ్నం 12:40

కర్ల్ పోయేది వెబ్‌సైట్ల దారి, 443 పోర్టు మీద. మెయిల్ పోయేది 25 మీద. ఫైర్‌వాల్ ఈ రెండింటినీ ఒకే దారిన పంపాలని రూలేం లేదు. రెండు లైన్లు ఉండే చోట "నా ఐపీ ఎంత" సైట్లను నమ్మితే తెల్లార్లూ తిరుగుతా ఉంటాం.

25 మీదే అడుగు. జీమెయిల్ ఎమ్‌ఎక్స్‌కి టెల్‌నెట్ 25 కొట్టు. బ్యానర్ వచ్చినాక ఈహెచ్‌ఎల్‌ఓ (మెయిల్ సర్వర్ల పలకరింపు) అని కొట్టి నీ సర్వర్ పేరు ఇవ్వు. దానికి వాడు ఇచ్చే మొదటి లైన్‌లో "ఎట్ యువర్ సర్వీస్" అని, పక్కనే బ్రాకెట్లో వాడికి కనపడే నీ ఐపీ చెప్తాడు. క్విట్ కొట్టి బయటికి వచ్చేయ్. జీమెయిల్ ఎమ్‌ఎక్స్‌లు ఐదు ఉన్నాయి, అన్నింటికీ వేరువేరుగా కొట్టి చూడు.

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
సోమవారం మధ్యాహ్నం 1:05

అన్నా నీకు దండం. కొన్నిటికి 203.0.113.10, కొన్నిటికి 198.51.100.77. ఒకే సర్వర్, ఒకే నిమిషం.

అందుకేనేమో జీమెయిల్‌కి కొన్ని పోయి కొన్ని బౌన్స్ అయ్యేది!

రేణిగుంట_రూటర్ · రేణిగుంట
సోమవారం మధ్యాహ్నం 1:14

అదే. ఫైర్‌వాల్ లోడ్ బ్యాలెన్సింగ్‌లో ఉంది. సోర్స్ ఐపీ, డెస్టినేషన్ ఐపీ కలిపి లెక్కేసి ఏ కనెక్షన్ ఏ లైన్‌లో పోవాలో అదే పంచుతుంది. నెదర్లాండ్స్ బయ్యర్ సర్వర్ ఐపీ లెక్కలో లీజ్డ్ లైన్ వైపు పడింది, పోయింది. జీమెయిల్‌కి చాలా ఐపీలు, అవి మారతా ఉంటాయి, కాబట్టి అదృష్టం కొద్దీ.

ఫైర్‌వాల్‌ను ఈ మధ్య ఎవరన్నా ముట్టుకున్నారా?

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
సోమవారం మధ్యాహ్నం 2:30

భోజనం మానేసి కనుక్కున్నా. పోయిన వారం రోడ్డు పని కాడ జేసీబీ తగిలి లీజ్డ్ లైన్ ఫైబర్ తెగింది. నేను ఆ రోజు లీవు. ఈఆర్పీ (కంపెనీ లెక్కల సాఫ్ట్‌వేర్) ఆగిపోతే వెయిబ్రిడ్జి స్లిప్పులు రావు, రైతులు గేటు కాడ గొడవ. అందుకని ఫైర్‌వాల్ చూసే వెండర్‌ను పిలిపించినారు. ఆయన రెండు లైన్లనూ కలిపి పెట్టి పోయినాడు. ఫైబర్ అతికినాక ఎవరూ వెనక్కి మార్చలేదు. అంతకుముందు మెయిల్ సర్వర్‌కి అంటూ ఒక పాలసీ ఉండేదంట, అది ఇప్పుడు లిస్టులో కింద పడి ఉంది. పైన "ఎనీ టు ఎనీ, లోడ్ బ్యాలెన్స్" అనే రూల్ ఉంది, అదే ముందు పట్టుకుంటా ఉంది.

శ్రీసిటీ_సిసాడ్ · సత్యవేడు
సోమవారం మధ్యాహ్నం 2:41

అయితే సులువే. ఆ బ్రాడ్‌బ్యాండ్ ఐపీని కూడా ఎస్‌పీఎఫ్‌లో చేర్చేయండి. రెండు దారులూ చెల్లుతాయి.

లక్ష్మి_డీఎన్ఎస్ · తిరుపతి
సోమవారం మధ్యాహ్నం 2:58

చెల్లవు సార్. ఎస్‌పీఎఫ్ అనేది "ఈ ఐపీ మా తరఫున పంపొచ్చు" అని మన డొమైన్ ఇచ్చే మాట. పీటీఆర్ అనేది ఆ ఐపీ ఓనరు, అంటే బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ, పెట్టాల్సిన రికార్డు. జీమెయిల్ ఇక్కడ తిరగ్గొట్టింది పీటీఆర్ కోసం. ఎస్‌పీఎఫ్ ఎంత రాసినా 5.7.25 పోదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ పెట్టిన నియమాల్లో, రోజుకు ఒక్క మెయిల్ పంపేవాళ్లకి కూడా సరైన పీటీఆర్ ఉండాలి, ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఒకటన్నా పాస్ కావాలి, టీఎల్ఎస్ (దారిలో ఎన్‌క్రిప్షన్) ఉండాలి. రోజుకు ఐదు వేలు దాటి పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ కావాలి, పైన డీమార్క్ (అవి ఫెయిలైతే ఏం చెయ్యాలో చెప్పే రికార్డు) కూడా.

పైగా బ్రాడ్‌బ్యాండ్ రేంజులు చాలావరకు స్పామ్‌హౌస్ పీబీఎల్‌లో ఉంటాయి. అది నేరం మోపే లిస్టు కాదు. "ఈ రేంజ్ నుంచి నేరుగా ఎమ్‌ఎక్స్‌కి మెయిల్ రాకూడదు" అని తరచుగా ఆ ఇంటర్నెట్ కంపెనీలే చేర్పించే లిస్టు. జీమెయిల్ దాటినా, ఆ లిస్టును చూసే ఇంకో సర్వర్ ఆపుతుంది.

నిన్నటిదాకా సరిగ్గా ఉన్న ఎస్‌పీఎఫ్‌ను ఇప్పుడు కెలకొద్దు తమ్ముడూ. దారిని సరిచెయ్యి.

అలిపిరి_మెట్లు · తిరుపతి
సోమవారం మధ్యాహ్నం 3:20

లక్ష్మిగారు చెప్పినాక జీమెయిల్ సంగతి తేలినట్టే. రూటర్ తమ్ముడు ఫైర్‌వాల్ రూల్ చెప్తాడు. నేను చెన్నై సంగతికి వస్తా, దాన్ని అందరూ మరిచిపోయినారు.

ఆ లాగ్ లైన్ ఇంకోసారి చూడండి. "కనెక్ట్ టు 192.0.2.25[192.0.2.25]:25". మామూలుగా పోస్ట్‌ఫిక్స్ ఇక్కడ ఎమ్‌ఎక్స్ హోస్ట్ పేరు రాసి, బ్రాకెట్‌లో దాని ఐపీ రాస్తుంది. పేరు ఉండాల్సిన చోట కూడా ఐపీయే ఉందంటే, పోస్ట్‌ఫిక్స్ అసలు ఎమ్‌ఎక్స్ అడగలేదు. ఎవరో ముందే చేతికి రాసిచ్చినారు, ఈ డొమైన్‌కి పోవాలంటే ఈ ఐపీకి పో అని. ఈ టైమవుట్‌కీ మీ బ్రాడ్‌బ్యాండ్‌కీ ఏ సంబంధం లేదు. ఫైర్‌వాల్ బాగైనా ఇది బాగుపడదు.

పోస్ట్‌ఫిక్స్ ఒక మెయిల్‌ను యాడికి పంపాలో తేల్చుకునేటప్పుడు ముందు ట్రాన్స్‌పోర్ట్_మ్యాప్స్ (ఏ డొమైన్ మెయిల్ యాడికి పోవాలో చేత్తో రాసే పట్టిక) చూస్తుంది. అందులో డొమైన్ దొరికితే ఇంక వేరే మాట లేదు. దొరక్కపోతే పంపేవాడిని బట్టి రిలేహోస్ట్ ఏమన్నా పెట్టినారా చూస్తుంది, లేకుంటే మామూలు రిలేహోస్ట్, అదీ ఖాళీ అయితేనే ఎమ్‌ఎక్స్. నువ్వు రిలేహోస్ట్ ఖాళీ అని చెప్పినావే గానీ, దానికంటే పైనున్న దాన్ని చూసుకోలేదు. రెండు కమాండ్లు కొట్టు:

పోస్ట్‌కాన్ఫ్ ట్రాన్స్‌పోర్ట్_మ్యాప్స్

అది ఏ ఫైల్ చూపిస్తే దాని మీద పోస్ట్‌మ్యాప్ -క్యూ, పక్కన ఏజెంట్ డొమైన్, పక్కన హ్యాష్ కోలన్ ఆ ఫైల్ పాత్.

ఇంకా, డిగ్ ఎమ్‌ఎక్స్ కొట్టి ఇప్పుడు వాళ్ల మెయిల్ యాడ ఉందో చూడు.

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
సోమవారం మధ్యాహ్నం 3:52

పోస్ట్‌మ్యాప్ జవాబు: ఎస్ఎమ్‌టీపీ:[192.0.2.25]

డిగ్ ఎమ్‌ఎక్స్ జవాబు: మెయిల్.ప్రొటెక్షన్.అవుట్‌లుక్.కామ్ అని వచ్చే పేరు. అంటే వాళ్లు మైక్రోసాఫ్ట్ 365కి పోయినారు!

ఫైల్ తెరిచి చూస్తే ఇట్లాంటి లైన్లు ఇంకా ఉన్నాయి. ఒక్కదాని మీదా కామెంట్ లేదు. నాకు ముందు ఈ సీటులో ఉన్నాయన రాసినవి, ఆయన ఇప్పుడు బెంగళూరులో. ఫోన్ చేస్తే నవ్వుతా చెప్పినాడు: అప్పట్లో ఏజెంట్ వాళ్ల డీఎన్ఎస్ పాడైపోయిందంట, ఎస్‌ఐ అర్జెంటుగా పోవాలని తాత్కాలికంగా ఐపీ రాసినాడంట.

శ్రీసిటీ_సిసాడ్ · సత్యవేడు
సోమవారం సాయంత్రం 4:10

ఇది నాకు బాగా తెలిసిన జబ్బే! మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్‌చేంజ్‌లో దీన్నే సెండ్ కనెక్టర్ (మెయిల్ ఏ దారిన పోవాలో చెప్పే సెట్టింగ్) రూపంలో చూస్తాం. నక్షత్రం గుర్తుతో అన్ని డొమైన్లకీ ఒక కనెక్టర్ ఉంటుంది. ఎప్పుడో ఎవరో ఒక్క డొమైన్ పేరు మీద స్మార్ట్ హోస్ట్ ఐపీతో ఇంకో కనెక్టర్ పెట్టి మరిచిపోతారు. అడ్రస్ స్పేస్, అంటే కనెక్టర్‌లో రాసిన డొమైన్, ఏ కనెక్టర్‌లో ఎక్కువ కచ్చితంగా సరిపోతే అదే గెలుస్తుంది. కాస్ట్ అనేది అడ్రస్ స్పేస్‌లు సమానమైనప్పుడే చూస్తుంది. నక్షత్రం కనెక్టర్‌కి కాస్ట్ 1 ఇచ్చి, ఆ పాతదానికి 100 ఇచ్చినా పాతదే గెలుస్తుంది. ఇది తెలీక కాస్ట్ మారుస్తూ కూర్చునేవాళ్లని చూశాను.

ఇంకో తేడా. ఎక్స్‌చేంజ్ 4 గంటలకి "మీ మెయిల్ ఇంకా పోలేదు" అని పంపినవాళ్లకి తనంతట తాను చెప్తుంది, 2 రోజులకి చేతులెత్తేస్తుంది. పోస్ట్‌ఫిక్స్ ఎందుకు చెప్పలేదు?

అలిపిరి_మెట్లు · తిరుపతి
సోమవారం సాయంత్రం 4:33

మంచి ప్రశ్న సిసాడ్ గారూ. పోస్ట్‌ఫిక్స్‌లో డిలే_వార్నింగ్_టైమ్ డిఫాల్ట్‌గా సున్నా, అంటే మధ్యలో ఏ కబురూ ఉండదు. మ్యాగ్జిమల్_క్యూ_లైఫ్‌టైమ్ 5 రోజులు. అంతవరకు మౌనంగా మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది, 5 రోజుల తర్వాత బౌన్స్ ఇస్తుంది. ఎగుమతి ఆఫీసులో 5 రోజులంటే ఓడ కొలంబో దాటి ఉంటుంది.

తోతాపురీ, డిలే_వార్నింగ్_టైమ్‌ను 2 గంటలో 4 గంటలో పెట్టు. అప్పుడు ఎక్స్‌పోర్ట్ సెక్షన్ వాళ్లకే ముందు తెలుస్తుంది, జీఎం గారు నీ టేబుల్ కాడికి వచ్చే అవసరం ఉండదు.

ట్రాన్స్‌పోర్ట్‌లో ఆ లైన్ తీసేసి పోస్ట్‌మ్యాప్ (ఫైల్‌ను పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే కమాండ్) కొట్టు, ఫైల్ మార్చి పోస్ట్‌మ్యాప్ కొట్టకుండా "మార్చినా పని చేయలేదు" అనేవాళ్లు చాలామంది. కానీ ఒక్క మాట: క్యూను మాత్రం ఫ్లష్ చేయొద్దు, అంటే అన్నీ ఒక్కసారిగా వదలొద్దు, ఇప్పుడే వద్దు.

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
సోమవారం సాయంత్రం 4:41

ఫ్లష్ ఎందుకొద్దు అన్నా? అవి పోవాలనే కదా ఇంత తిప్పలు.

అలిపిరి_మెట్లు · తిరుపతి
సోమవారం సాయంత్రం 4:58

క్యూలో ఏముందో చూసినావా? ఏజెంట్‌కి రాలేదని తెలిసినాక మీ ఎక్స్‌పోర్ట్ వాళ్లు ఊరికే ఉండరు. సొంత జీమెయిల్ నుంచో, వాట్సాప్‌లోనో మళ్లీ పంపి ఉంటారు. మధ్యలో బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు) డ్రాఫ్ట్‌లో కంటైనర్ నంబరో, డ్రమ్ముల లెక్కో దిద్ది ఉంటారు. ఇప్పుడు క్యూ మొత్తం వదిలితే దిద్దకముందు పాత డ్రాఫ్ట్ అన్నిటికంటే చివర ఏజెంట్ ఇన్‌బాక్స్‌లో పడుతుంది. అదే తాజాదనుకుని అతను దాన్నే ఫైల్ చేస్తే, తర్వాత దిద్దించడానికి షిప్పింగ్ లైన్‌కి డబ్బు కట్టాలి.

ముందు పోస్ట్‌సూపర్ -హెచ్‌తో ఏజెంట్ డొమైన్ మెయిళ్లను హోల్డ్‌లో పెట్టు. లైన్ తీసేసినాక కూడా అవి కదలవు. పోస్ట్‌క్యూ -పి లిస్ట్ ప్రింట్ తీసి ఎక్స్‌పోర్ట్ సెక్షన్‌కి ఇవ్వు, ఏది పోవాలో ఏది చెత్తో వాళ్లు టిక్ పెట్టాలి, నువ్వు కాదు. చెత్తవి పోస్ట్‌సూపర్ -డి. మిగిలినవి హోల్డ్ తీసి, పోస్ట్‌క్యూ -ఐతో ఒక్కొక్కటి వదులు.

పలమనేరు_పిల్లోడు · పలమనేరు
సోమవారం సాయంత్రం 5:02

ఇది ఏ ట్యుటోరియల్‌లోనూ రాయరు అన్నా.

రేణిగుంట_రూటర్ · రేణిగుంట
సోమవారం సాయంత్రం 5:26

ఫైర్‌వాల్ సంగతి. లోడ్ బ్యాలెన్స్ రూల్‌ను తీసెయ్యొద్దు, ఈఆర్పీ వాళ్లు నీ మీద పడతారు. దానికంటే పైన ఒక రూల్ పెట్టు: సోర్స్ మెయిల్ సర్వర్ లోపలి ఐపీ, డెస్టినేషన్ ఏదైనా, పోర్ట్ 25, బయటికి లీజ్డ్ లైన్ మాత్రమే, ఎస్‌న్యాట్ ఐపీ (బయటికి కనపడేది) 203.0.113.10 అని ఫిక్స్. ఈ రూల్‌కి ఫెయిలోవర్ (లైన్ పడితే రెండోదానికి మారడం) ఇవ్వొద్దు.

పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్ఎమ్‌టీపీ_బైండ్_అడ్రస్ మారిస్తే సరిపోతుందని ఎవరన్నా చెప్తే వినొద్దు. నీ సర్వర్‌కి ఉండేది ఒకే ప్రైవేట్ ఐపీ, బయటి ముఖం ఫైర్‌వాల్‌దే. ఇంకా, మిగతా పీసీల నుంచి బయటికి 25 పూర్తిగా మూసెయ్. ఏ పీసీకో వైరస్ తగిలి స్పామ్ కొడితే నీ ఐపీ పేరు పోతుంది.

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
సోమవారం రాత్రి 7:45

రూల్ పైకి వచ్చింది. ఐదు ఎమ్‌ఎక్స్‌లకీ టెల్‌నెట్ కొట్టినా, అన్నిటికీ 203.0.113.10 ఒక్కటే. జీమెయిల్ బౌన్సులు ఆగినాయి.

అయితే జీఎం సార్ ఒక ప్రశ్న అడిగినారు, నా దగ్గర జవాబు లేదు. "ఫైబర్ మళ్లీ తెగితే మెయిల్ ఆగిపోతుందా? రెండో లైన్‌కి డబ్బు కడుతున్నాం కదా?"

రేణిగుంట_రూటర్ · రేణిగుంట
సోమవారం రాత్రి 8:01

ఆగుతుంది, క్యూలో ఉంటుంది, లైన్ వస్తే పోతుంది. 5 రోజులు టైముంది. నన్నడిగితే అది చాలు.

లక్ష్మి_డీఎన్ఎస్ · తిరుపతి
సోమవారం రాత్రి 8:22

సీజన్‌లో చాలదు తమ్ముడూ, కటాఫ్ ఓడది, మనది కాదు. సార్ అడిగింది న్యాయమే.

ఒక రిలే సర్వీస్ (మన తరఫున మెయిల్ పంపే కంపెనీ) ఖాతా తీసుకోండి, 587 పోర్టు మీద యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పోయేది. ఆ దారిలో బ్రాడ్‌బ్యాండ్ ఐపీకి పీటీఆర్ ఉందా లేదా ఎవరూ చూడరు, అవతలివాళ్లకి కనపడేది రిలే సర్వీస్ ఐపీ. పోస్ట్‌ఫిక్స్‌లో దాన్ని ఎస్ఎమ్‌టీపీ_ఫాల్‌బ్యాక్_రిలేలో పెట్టండి. రిలేహోస్ట్‌లో పెడితే రోజూ మెయిల్ అంతా దాని మీదుగానే పోతుంది, బిల్లు వస్తుంది. ఫాల్‌బ్యాక్‌లో పెడితే నేరుగా పోలేనప్పుడు మాత్రమే వాడుతుంది. పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, పక్కన కోలన్ 587. దానికి టీఎల్ఎస్ ఎన్‌క్రిప్ట్ తప్పనిసరి చెయ్యండి, పాస్‌వర్డ్ పోతుంది కాబట్టి. ఎస్‌పీఎఫ్‌లో ఆ సర్వీస్ ఇంక్లూడ్ చేర్చాలి, మొత్తం డీఎన్ఎస్ లుకప్‌లు 10 దాటకుండా చూసుకోండి, దాటితే పర్మ్‌ఎర్రర్, అంటే ఎస్‌పీఎఫ్ చెల్లదు.

రూటర్ తమ్ముడూ, నీ రూల్‌లో ఒక చిన్న మార్పు కావాలి. లీజ్డ్ లైన్ పడిపోయినప్పుడు 25ను డ్రాప్ చేయొద్దు, రిజెక్ట్ చెయ్యాలి. డ్రాప్ అయితే పోస్ట్‌ఫిక్స్ ఒక్కో ఎమ్‌ఎక్స్ ఐపీ దగ్గర 30 సెకన్లు కాచుకుని కూర్చుంటుంది. రిజెక్ట్ అయితే వెంటనే తెలుసుకుని ఫాల్‌బ్యాక్‌కి పోతుంది.

రేణిగుంట_రూటర్ · రేణిగుంట
సోమవారం రాత్రి 8:30

ఒప్పుకున్నా అక్కా. రిజెక్టే కరెక్టు.

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
బుధవారం సాయంత్రం 6:10

ఆలస్యమైంది, క్షమించండి, రెండు రోజులుగా ఊపిరాడలేదు.

అలిపిరి అన్న చెప్పినట్టే జరిగింది. క్యూ లిస్ట్ ప్రింట్ తీసి ఇస్తే ఎక్స్‌పోర్ట్ మేడమ్ ఎర్ర పెన్నుతో చాలావాటిని కొట్టేసినారు. రెండు డ్రాఫ్టులు నిజంగానే పాతవి, ఒకదాంట్లో సీల్ నంబర్ తప్పు. అవి డిలీట్. మిగతావి వదిలినా, ఏజెంట్ ఫోన్ చేసి వచ్చినాయని చెప్పినాడు.

రిలే ఖాతా తీసుకున్నాం. ఈరోజు భోజనాల టైములో లీజ్డ్ లైన్ కేబుల్ పీకి చూసినా. జీమెయిల్‌కి పంపితే లాగ్‌లో ముందు కనెక్షన్ రిఫ్యూజ్‌డ్, వెంటనే రిలే సర్వీస్ పేరు, స్టేటస్=సెంట్. జీఎం సార్ పక్కనే నిలబడి చూసినారు, ఈసారి మాట్లాడినారు కూడా.

డిలే వార్నింగ్ 2 గంటలు పెట్టినా. మొదటి రోజే అకౌంట్స్ వాళ్లకి ఒకటి వచ్చింది. ఎవరికో డొమైన్ స్పెల్లింగ్ తప్పు కొట్టి, ఇన్నాళ్లూ చేరుతున్నాయనుకున్నారు.

డీకిమ్ కూడా మొదలుపెట్టినా అక్కా. 2048 బిట్ల కీని డీఎన్ఎస్ ప్యానెల్‌లో పెడితే తీసుకోవడం లేదు, పొడుగెక్కువ అంటా ఉంది.

లక్ష్మి_డీఎన్ఎస్ · తిరుపతి
బుధవారం సాయంత్రం 6:35

టీఎక్స్‌టీ రికార్డులో ఒక స్ట్రింగ్ 255 అక్షరాలు దాటకూడదు. కీని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను కోట్స్‌లో పెట్టి పక్కపక్కనే ఇవ్వు. చదివేవాళ్లు కలిపి చదువుకుంటారు. మధ్యలో కామా పెట్టొద్దు. ముక్క చేసే చోట స్పేస్ కోట్స్ లోపల పడకుండా చూసుకో.

అలిపిరి_మెట్లు · తిరుపతి
బుధవారం రాత్రి 7:20

ట్రాన్స్‌పోర్ట్ ఫైల్‌లో మిగిలిన లైన్ల సంగతేం చేసినావు?

తోతాపురి_అడ్మిన్ · చిత్తూరు
బుధవారం రాత్రి 7:48

ఒక్కోదానికీ డిగ్ ఎమ్‌ఎక్స్ కొట్టి చూసినా. రెండు డొమైన్లు వేరే చోటికి మారిపోయినాయి, వాటి లైన్లు తీసేసినా. ఒకటి మాత్రం ఉండాల్సిందే: కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ అలారం పంపే పాత పెట్టె ఒకటి ఉంది, ఆ అలారం మెయిల్ లోపలి సర్వర్‌కే పోవాలి. ఆ లైన్ పైన # గుర్తు పెట్టి ఎందుకుందో, ఎప్పుడు చూసినానో, ఎవరిని అడగాలో రాసినా.

వేదిక_నిర్వాహకులు
బుధవారం రాత్రి 8:00

పరిష్కారమైనట్టు గుర్తు పెట్టాం. క్లౌడా, సొంత సర్వరా అన్న వాదనకు వేరే థ్రెడ్ ఉంది, సిసాడ్ గారు అక్కడికి రండి.

శ్రీసిటీ_సిసాడ్ · సత్యవేడు
బుధవారం రాత్రి 8:04

వస్తున్నా. ఎక్స్‌చేంజ్ కనెక్టర్లు కూడా ఒకసారి చూసుకుని వస్తా.